మెట్ల మీద సమావేశం

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ మైకు అని పిలిచేవాళ్ళు. నాలుగో అంతస్తులో మాట్లాడితే కింద గేటు దాకా వినపడేది మరి. హైస్కూలు ఆఖరి సంవత్సరం. లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తేది కానీ సివిక్స్ క్లాసంటే చెవి కోసుకునేది. పాఠం మీద ప్రేమ కాదు, ఆ టీచరు చెప్పే తీరు అలాంటిది.

ఒక వానరోజు క్లాసుకి సగం మంది కూడా రాలేదు. టీచరు పుస్తకం తెరవకుండా, కోరం లేదు కాబట్టి సభ జరగదంది. కోరం అంటే ఏమిటని ఎవరో అడిగారు. సభ నడవాలంటే కనీసం ఇంతమంది ఉండి తీరాలన్న నియమమని చెప్పింది.

"మేమేమీ కోరం టీచర్, ఇంటికి పంపిస్తే చాలు" అన్నాడు వెనక బెంచీ కుర్రాడొకడు.

టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వడం అయ్యాక మాత్రం, రానివాళ్ళని తిట్టుకుంటూ కూర్చోవడం తేలికేననీ, ఎందుకు రాలేదో వెళ్ళి కనుక్కునేవాళ్ళే కనపడరనీ అంది.

మైకు ఉలిక్కిపడింది. వాళ్ళ బిల్డింగులో జరుగుతున్నది అచ్చం అదే. లిఫ్టు పాడై నెలలు గడిచాయి. బాగుచేయించాలంటే సమావేశం పెట్టి తీర్మానం చేయాలి. సమావేశానికి సగం ఇళ్ళవాళ్ళయినా రావాలి. కింద హాల్లో కుర్చీలు వేయడం, ఎవరో నలుగురు రావడం, కోరం లేదని సెక్రటరీ గారు కుర్చీలు మడత పెట్టించడం మామూలైపోయింది. ఆయన బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాడు. రూలంటే రూలే.

ఈలోపు నాయనమ్మ నాలుగో అంతస్తులో చిక్కుకుపోయింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేకపోతోంది. నలుగురినీ పలకరించకపోతే ఆవిడకి పొద్దు గడవదు. ఇప్పుడు బాల్కనీలో కూర్చుని కింద నడిచేవాళ్ళ నడినెత్తులు చూస్తోంది.

"మొహాలు మర్చిపోతున్నానే. ఎవరికి బట్టతల వస్తోందో మాత్రం బాగా తెలుస్తోంది" అనేది.

ఆ సాయంత్రమే మైకు పై అంతస్తుల్లో ఇల్లిల్లూ తిరిగింది. మూడో అంతస్తు తెలుగు మేష్టారు దిగితే మళ్ళీ ఎక్కలేనన్నాడు. రెండో అంతస్తు నర్సుకి చంటిపిల్లని ఎవరి దగ్గర వదలాలో తెలియదు. పక్కింటావిడకి పొయ్యి మీద కూర. అందరికీ రావాలనే ఉంది, మెట్లు దిగాలని లేదు. లిఫ్టు లేకపోవడం వల్లే లిఫ్టు సంగతి తేలడం లేదన్నమాట.

ఇంట్లో చెబితే బాబాయి నవ్వాడు. ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండలేదు, ఓటు లేనిదానివి, నీకెందుకే ఈ పెత్తనం అన్నాడు. మైకు ఊరుకోకుండా కిందికి దిగి సెక్రటరీ గారి తలుపు కొట్టింది.

"తాతగారూ, సమావేశం ఎక్కడ పెట్టాలో రూల్సులో ఉందా?"

ఆయనకి రూల్సన్నీ కంఠతా వచ్చు. కళ్ళద్దాలు తుడుచుకుంటూనే అప్పజెప్పాడు.

"బిల్డింగులో జరగాలని ఉంది. హాల్లోనే అని లేదు."

"మెట్లు బిల్డింగులోవే కదండీ?"

ఆదివారం సాయంత్రం ఎవరి గుమ్మం ముందు వాళ్ళు కుర్చీలు వేసుకున్నారు. నర్సు చంటిపిల్లని చంకనేసుకుని నిలబడింది. పక్కింటావిడ చేతిలో గరిటె అలాగే ఉంది. నాయనమ్మ బీరువాలోంచి మంచి చీర తీయించి కట్టుకుని పై మెట్టు దగ్గర కొలువుతీరింది. సెక్రటరీ గారు తలలు లెక్కపెట్టి, కోరం ఉందని ప్రకటించాడు. ఆ మాట ఆయన నోట రావడం ఆ ఏడాదిలో అదే మొదలు.

చిక్కల్లా మాట పైదాకా అందకపోవడం. మోటారు పూర్తిగా పాడైంది, మార్చక తప్పదని కింద సెక్రటరీ గారు అంటే, మూడో అంతస్తుకి మేష్టారు పాడయ్యారని వినపడింది. నేను బాగానే ఉన్నానండీ, మార్చక్కర్లేదని మేష్టారు కేకేశాడు. నవ్వులు సద్దుమణిగాక, మైకుని మెట్ల మధ్యలో నిలబెట్టారు. కింది మాట పైకీ, పై మాట కిందికీ చేరవేయడం ఆమె పని.

కాసేపు బాగానే నడిచింది. అప్పుడు గ్రౌండ్ ఫ్లోరులో బట్టలు కుట్టే ఆవిడ లేచింది.

"నేనా లిఫ్టు ఎక్కిన పాపాన పోలేదు. పైవాళ్ళ సుఖానికి నేనెందుకు కట్టాలి?"

ఈ మాట పైకి వెళితే గొడవే. కాస్త మెత్తగా మార్చి చెప్పినా, అసలు చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. పైన నాయనమ్మ ఆశగా తొంగి చూస్తోంది. మైకు ఒక్క క్షణం తటపటాయించి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

పైన గుసగుసలు మొదలయ్యాయి. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆవిడ కడుపులో ఇంకేదో ఉంది. అడగవే."

అడిగితే తెలిసింది. పైన ఎవరు బట్టలుతికినా కింద పైపు పొంగి, నీళ్ళు ఆవిడ గుమ్మంలో నిలుస్తున్నాయి. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు గెంతుకుంటూ రావాల్సి వస్తోంది. ఎన్నిసార్లు చెప్పినా సమావేశంలో చూద్దామన్నారు. ఆ సమావేశమేదీ?

మైకు ఆ మాటా పైకి మోసింది.

"అయ్యో, ఆ నీళ్ళు మావే కదమ్మా" అంది నాయనమ్మ. "ముందు పైపు సంగతి చూడండి. ఇన్నాళ్ళు ఆగాను, ఇంకొన్నాళ్ళు ఆగలేనా?"

పైపు ముందు, లిఫ్టు తర్వాత, కిందివాళ్ళకి లిఫ్టు వాటా తక్కువ అని తీర్మానం రాశారు. చేతులు లేచాయి. బట్టలు కుట్టే ఆవిడ చెయ్యి కూడా లేచింది. మైకు చెయ్యి దానంతటదే లేచింది కానీ, బాబాయి చూపు తగలగానే దాంతో తల గోక్కుంది.

లిఫ్టు ఇంకా తయారవుతుండగానే ఆఖరి సివిక్స్ క్లాసు వచ్చింది. ఏడాదంతా ఏం నేర్చుకున్నారో చెప్పమంది టీచరు. చాలామంది రాజ్యాంగం, ఎన్నికలు అన్నారు. మైకు మాత్రం, మనుషుల్ని పోగుచేయడం కన్నా తనకి నచ్చని మాటని మార్చకుండా మోయడమే కష్టమైందని చెప్పింది. ఆ రోజు అబద్ధం నాలుక చివరి దాకా వచ్చిందని కూడా చెప్పింది. టీచరు దగ్గరికి వచ్చి భుజం తట్టింది.

లిఫ్టు నడిచిన రోజు నాయనమ్మ ఎవరి తోడూ వద్దని ఒక్కతే దిగింది. దీపాలు పెట్టే వేళైనా పైకి రాలేదు. మైకు వెతుక్కుంటూ వెళితే, బట్టలు కుట్టే ఆవిడ దుకాణంలో జాకెట్టుకి కొలతలిస్తూ కనపడింది. ఆవిడ టేపు పట్టుకుని, కదలకుండా నిలబడమని మొత్తుకుంటోంది. నాయనమ్మ మాట ఆపితే కదా.