చప్పట్లు కొట్టకండి

మేం మిల్లు దిగి వచ్చేసరికి మా కళాకేంద్రం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. డోళ్ళు, అట్టకిరీటాలు, పిల్లలు వేసిన బొమ్మలు మురిక్కాలవ గట్టున పడి ఉన్నాయి. పెయింటరు బాబాయి నెలల తరబడి కూర్చుని రంగులద్దిన నాటకం తెరను లోపల నేల మీద పరిచి, దాని మీద సిమెంటు బస్తాలు పేరుస్తున్నారు కాంట్రాక్టరు మనుషులు. ఒకడు ఖాండ్రించి దాని మీదే ఉమ్మేశాడు.

మున్సిపాలిటీ గుమాస్తా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. కంపు కాలవదో, మాదో మరి.

"బడ్జెట్లో కోత పడిందమ్మా. నాటకాలు, డప్పులు, బొమ్మలు అన్నీ వినోదం కిందకే వస్తాయి. వినోదానికి ఇక డబ్బుల్లేవు. రేపో మాపో సభలో తీర్మానం కూడా అయిపోతుంది."

"తీర్మానం కాకముందే సామాను పారేశారా? ఇంతకీ ఈ బస్తాలు ఎవరివి?" అంది మా వదిన.

గుమాస్తా రుమాలు ఇంకాస్త నొక్కుకున్నాడు. కాంట్రాక్టరు చైర్మన్‌గారి బావమరిదని ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. మాకు కోత, బావమరిదికి మేత.

మా వదిన సంగతి చెప్పాలి. మా అన్న భార్య. నాతోపాటే మిల్లులో నూలు చుట్టే పని. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు నత్తి. సూపర్‌వైజరు ఆ నత్తిని అనుకరించి పదిమందిని నవ్వించేవాడు. జీతంలో కోసినా, సెలవు ఎగ్గొట్టినా ఆమె నోరు తెరిచేది కాదు. కళాకేంద్రం మాస్టారు ముందు పాటగా, తర్వాత మాటగా పలికించి ఆ నాలుకకు దారి వేశాడు. సాధన ఉన్నన్నాళ్ళే ఆ దారి. మానేస్తే మళ్ళీ పూడిపోతుంది. వినోదమట!

ఆ సాయంత్రం రోడ్డు మీదే మీటింగు పెట్టుకున్నాం.

"కౌన్సిలర్లకు మన నాటకం చూపిద్దాం. చూస్తే వాళ్ళ మనసు కరక్కపోదు," అన్నాడు మాస్టారు.

"మనసంటూ ఉంటే కదా మాస్టారూ, కరగడానికి!" అంది వదిన. ఆమె మాట మేం వినలేదు.

వాళ్ళ మీటింగు హాల్లోనే ఆడాం. భోంచేసి వచ్చి, పళ్ళు కుట్టుకుంటూ చూశారు. మిషన్లో పడి చచ్చిపోయిన కూలీ తల్లి వేషం వదినది. ఆమె శవం మీద పడి ఏడుస్తుంటే చైర్మన్ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చైర్మన్ ఆమె దగ్గరికొచ్చి, "ఎంత బాగా ఏడ్చావమ్మా! మా ఆవిడ ఇప్పుడే వచ్చింది, పాపం చూడలేదు. ఇంకోసారి ఏడువు," అన్నాడు.

వదిన మా వంక చూసింది. ఏడవమని సైగ చేశాం. ఏడ్చింది. థూ!

మర్నాడు పొద్దున అవే చేతులు తీర్మానానికి కూడా లేచాయి. వద్దన్నవాడు ఒక్కడు లేడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. వేషాలు కట్టేవాళ్ళు మాత్రమే చేసే తప్పు మేం చేశాం. చప్పట్లు వినపడగానే మనం గెలిచామనుకుంటాం. కొట్టేవాడికేమో దాంతో రుణం తీరిపోతుంది, హాయిగా ఇంటికి పోతాడు.

ఇక జనం దగ్గరికే పోవాలన్నారు అందరూ. మిల్లు గేటు ముందు నిలబడి మద్దతు అడిగితే బాయిలరు మామ మా మీద విరుచుకుపడ్డాడు.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె! బోనస్ ఎగ్గొట్టినప్పుడు ఏమయ్యారు మీరు? మొహాలకు రంగులు పూసుకోడానికి మేం రావాలా?"

"బోనస్ అడగడానికి మేనేజరు గదిలోకి పోయావుగా మామా? ఏం మాట్లాడావు?" అంది వదిన.

మామ బుర్ర గోక్కున్నాడు. "ఏముందీ... దండం పెట్టి బయటికొచ్చా."

"ఎందుకని?"

"నోరు పెగల్లేదే తల్లీ. పెద్ద గది, పెద్ద బల్ల..."

"నాకూ పెగిలేది కాదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసినప్పుడు అదే గదిలో అరిచి తీయించింది ఎవరు? ఆ అరుపు నాకు పుట్టుకతో వచ్చిందా? మన నోళ్ళు తెరిపించే చోటు గనకే దానికి తాళం వేస్తున్నారు. బస్తాలు పెట్టుకోడానికి వాళ్ళకు ఊళ్ళో ఇంకెక్కడా చోటే దొరకలేదా?"

గేటు లోపలికి పోబోయిన మామ వెనక్కి వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

షిఫ్టు మారే వేళ గేటు ముందే నాటకం మొదలుపెట్టాం. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, కాలేజీ పిల్లలు, టీ కొట్టువాళ్ళు రోడ్డు నిండా కమ్ముకున్నారు. సాధన లేక వదిన మాట మధ్య మధ్య తడబడుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. శవం దగ్గర ఏడుపు అయ్యాక జనం చేతులు ఎత్తారు.

"చ... చ... చప్పట్లు కొట్టకండి!" అని అరిచింది వదిన. "కొ... కొడితే నాటకం అయిపోయినట్టే. మీరు ఇళ్ళకు పోతారు. అక్కడ మన హాల్లో బస్తాలుంటాయి. అయిపోయిందా? మీరే చెప్పండి, అ... అయిపోయిందా?"

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. వాటిని ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. ముందు బాయిలరు మామ కదిలాడు.

"పదండి, బస్తాలు మోద్దాం," అన్నాడు.

వీధి వీధంతా కదిలింది. కళాకేంద్రం తాళం పగిలింది. ఒక్కొక్క బస్తా బయటికొచ్చి రోడ్డు పక్కకు చేరుతోంది. తెరను దులిపి, ఉమ్మిన చోట కొంగుతో తుడుస్తున్న ఆడవాళ్ళను చూస్తూ పెయింటరు బాబాయి నిలబడిపోయాడు. అంతలో పోలీసు వ్యాను వచ్చింది. ఇనస్పెక్టరు నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాడు.

"ఈవిడే కదా డ్రామా ఆడించేది? ఎక్కించండి."

ఆమెను జుట్టు పట్టి లాగి వ్యాన్లో పడేశారు. అడ్డం వెళ్ళిన నన్ను లాఠీతో మోకాలి మీద కొట్టారు. ఇనస్పెక్టరు జనం వైపు తిరిగి చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది డ్రామా. పోండి, పోండి ఇళ్ళకు!"

బాయిలరు మామ భుజం మీద బస్తాతో మెట్లు దిగుతున్నాడు. జీవితంలో ఏ అధికారికీ ఎదురు చెప్పని మనిషి.

"ఎక్కడ అయిందండీ?" అన్నాడు. "చప్పట్లు వినబడ్డాయా మీకు?"

భుజం మీది బస్తాను తెచ్చి వ్యాను చక్రం ముందు దించాడు. అతని వెనక మాతోపాటు నూలు చుట్టే ఇంకో అక్క దించింది. ఆమె వెనక కాలేజీ పిల్లలు ఇద్దరు ఒక బస్తా పట్టుకుని నిలబడి ఉన్నారు.