తెల్లపువ్వు మీద నల్లమచ్చలు

ఆయన గిన్నెలు తోముతున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో సింకు వైపు తొంగి చూడని మనిషి చేతులకు సబ్బు నురగ!

"ఏమైందే వీడికి?" అంటూ అత్తగారు నన్ను ఉరిమి చూశారు, తప్పేదో నేను చేసినట్టు.

ఏదో అనుమానమొచ్చి ఫ్రిజ్ తెరిచాను. కూరగాయల అరలో నా డబ్బా. మోకాళ్లు దోక్కుపోయేలా అడవిలో తవ్వి తెచ్చుకున్నవి రెండే: ఎర్రటోపీ పుట్టగొడుగు, దాని పక్కనే మొలిచిన తెల్లపువ్వు మొక్క. మచ్చుకైనా ఆకుపచ్చదనం లేక అదీ పుట్టగొడుగులాగే కనిపిస్తుంది గానీ, పూలమొక్కే, గింజలు కడుతుంది. చెయ్యి తగిలితే చాలు, నల్లబడిపోతుంది. ఇప్పుడు కాడ నిండా వేలిముద్రలంత నల్లమచ్చలు. నావి కావు, నేను పట్టకారుతో తప్ప ముట్టుకోను. "తినేవాటి పక్కన ఈ విషమేంటి" అని సణిగే అత్తగారు ఆ ఛాయలకే రారు.

ఆయన కాలేజీలో బోటనీ లెక్చరర్. నేనూ అదే చదివాను. పాప పుట్టాక "ఇంట్లో ఒకరుంటే చాల్లే" అన్నారు, ఆ ఒకరూ నేనే అయ్యాను. పాప బడికెళ్లాక, వంటింటి గట్టు మీద ఈ రెండింటినీ కోసి, పోల్చి, బొమ్మలు గీసుకోవడం రెండు వానాకాలాలుగా నా పని. "పిచ్చి ముదిరింది" అని నవ్విన మనిషికి ఇప్పుడు నా డబ్బాతో ఏం పని?

"రేపు మీ కాలేజీ సెమినార్‌లో దేని గురించి చెప్తున్నారు?" అన్నాను.

"ఏదోలే, పుట్టగొడుగులూ అవీ." గిన్నె మీంచి తలెత్తలేదు. "అవునూ, ఆకుపచ్చదనం లేదు కదా, ఆ పువ్వుకి తిండెలా?"

"మట్టిలో పుట్టగొడుగు దారాలుంటాయి. అవి చెట్టు దగ్గర తెచ్చుకున్నదాన్ని ఇది లాక్కుంటుంది."

"ఓహో." గొంతు సవరించుకున్నారు. "సెమినార్ పేపర్ మీద నీ పేరు కూడా వేద్దామనుకున్నా. ఉద్యోగం లేనిదానివి, బావుండదు. అయినా మనలో మనకి నీదీ నాదీ ఏంటి?"

అదీ సంగతి! ఒళ్లు మండిపోయింది. డబ్బా తీసి నా సంచిలో పెట్టుకున్నాను. ఆయన చూడలేదు, చేతులు తుడుచుకుంటున్నారు.

"సరేగానీ, అంత లాక్కుని ఆ పువ్వు బదులుగా ఏమిస్తుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

"రేపటిదాకా టైముంది, ఆలోచించుకోండి," అన్నాను. "ముందు వరుసలో కూర్చుని అడగబోయేది నేనే."