చేతులు ఇంటికొచ్చిన సాయంత్రం

డాక్టరమ్మ మోచేత్తో కాలింగ్ బెల్ నొక్కింది. మొగుడు తలుపు తీసి, ఖాళీగా వేలాడుతున్న ఆమె కోటు చేతుల వంక చూశాడు.

"ఇవాళ కూడా అక్కడేనా?"

"అక్కడే. కుట్లు ప్రాక్టీసు చేస్తున్నాయి" అంది చెప్పులు విడుస్తూ.

కాన్పుల డాక్టరు చదువు పూర్తయ్యాక, కెమెరా పెట్టి చిన్న కోతతో గర్భసంచి ఆపరేషన్లు చేయడం నేర్చుకుందామని ఆమె ఫెలోషిప్‌లో చేరింది. అందులో చేరినవాళ్ళు డ్యూటీ దిగేటప్పుడు చేతులు మణికట్టు దగ్గర విప్పి, శిక్షణ గదిలో ట్రేలో పెట్టి వెళ్ళాలి. మనిషికైతే నిద్ర కావాలి, చేతులకెందుకు? తెల్లార్లూ అవి పొడుగాటి పరికరాలు పట్టుకుని స్పాంజి ముక్కలకు కుట్లు వేస్తూనే ఉంటాయి. పొద్దున వచ్చి తగిలించుకుంటే నిన్న రాని పని ఇవాళ వచ్చేస్తుంది.

ఇంట్లో భోజనం మొగుడే తినిపించేవాడు. "అందరూ పెళ్ళాం చెయ్యి పట్టుకుంటారు. నా వంతుకి మోచెయ్యి మిగిలింది" అనేవాడు. మొదట్లో ఆమె నవ్వేది.

బడికెళ్ళే కూతురికి జడలు వేయడం మాత్రం అతని వల్ల కాలేదు. నడుం దాటిన జుట్టు. అతను వేస్తే ఒక జడ తూర్పుకి, ఒక జడ పడమరకి. చిన్నది అద్దంలో చూసుకుని రోజూ ఒకటే ఏడుపు. తల్లి ఒకసారి దువ్వెనని పళ్ళతో కరిచిపట్టి దువ్వబోతే పిల్లకి చెవి గీరుకుపోయింది. ఆ రోజు నుంచి డాక్టరమ్మకి దిగులు పట్టుకుంది. ఆసుపత్రి పని బాగా వంటబట్టి, తన చేతులు పిల్ల తలని మర్చిపోతాయేమోనని భయం.

శిక్షణ ముగియబోతుండగా, పెళ్ళై చాలా ఏళ్ళయినా పిల్లల్లేని ఒకామెకి గర్భసంచిలో గడ్డ తీయాల్సి వచ్చింది. "సంచి మాత్రం ఉంచండమ్మా" అని మత్తు ఇచ్చేదాకా బతిమాలుతూనే ఉంది. గడ్డ వచ్చింది గానీ దాని వెంటే రక్తం. తెరంతా ఎర్రబడింది.

"ఇక లాభం లేదమ్మాయ్, సంచి తీసేయ్" అంది పక్కన నిలబడి నేర్పిస్తున్న పెద్ద మేడం.

"అలాగే మేడం" అంది డాక్టరమ్మ. చేతులు వినలేదు. కోసిన చోట కుడి అంచునీ ఎడమ అంచునీ ఒకదాని మీదకి ఒకటి తెచ్చి, బిగించి, మళ్ళీ తెచ్చి, కిందిదాకా కుట్టుకుంటూ పోయాయి. రక్తం ఆగింది.

"ఈ కుట్టు నేను నేర్పలేదే!"

"జడ మేడం. మా అమ్మాయికి వేసేదాన్ని." అవి మర్చిపోలేదని తెలిసి ఆమెకి మాస్కు వెనక ఏడుపొచ్చింది.

"ఇంకో రెండేళ్ళు ఉండిపో. ఇలాంటి చేతులు ఇంటికెందుకు?" అంది మేడం.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ట్రే వంక చూడకుండా మెట్లు దిగేసింది. బస్సులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి బెల్లు వేలితో నొక్కింది.

తలుపు తీసింది చిన్నదే. జుట్టు చెవుల పైదాకా కత్తిరించి ఉంది.

"బడి నుంచి వస్తూ నాన్న కటింగ్ చేయించాడు. నీ చేతులొచ్చేసరికి మళ్ళీ పెరుగుతుందిలే అన్నాడు."

మొగుడు వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. "ఇవాళే వస్తాయని నాకేం తెలుసు?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె నేల మీద కూలబడి పిల్లని ముందు కూర్చోబెట్టుకుంది. చేతులు ఆ బోసి మెడని కాసేపు తడుముకున్నాయి. తర్వాత గాల్లోనే మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టాయి.

"మేడం ఇంకో రెండేళ్ళు ఉండమంది" అంది ఆమె.

"మరి?"

"డ్యూటీ దిగితే ఇవి నాతోనే వస్తాయని చెప్తాను. ఒప్పుకోకపోతే మానేస్తాను."

వేళ్ళు నడుం దాకా అల్లుకుంటూ వచ్చి, చివర ముడి బిగించాయి.

"అంత గట్టిగా లాగకమ్మా, నొప్పెడుతోంది" అంది చిన్నది.