గొట్టం తిరిగిన వైపు

నెబ్రాస్కాలోని ఆ పెద్ద వేట సామాన్ల దుకాణంలో, పాత తుపాకుల గదిలో లోయెల్ ఒక వందేళ్ల రైఫిల్ చూసి ఆగిపోయాడు. వాళ్ల నాన్నది అచ్చం ఇలాంటిదే. కౌంటర్‌లో ఉన్న మార్నా ఒకప్పుడు లోయెల్ శిష్యురాలు. ఊళ్లో సగం మందికి తుపాకీ జాగ్రత్తలు నేర్పింది ఆయనే; ఇప్పటికీ ప్రతి శనివారం పిల్లలకి క్లాసు చెబుతాడు.

"మీకు చూపించాలంటే భయం మాస్టారూ, మళ్లీ పరీక్ష పెడతారేమో!" అంటూ అందించింది.

ఆయన మురిసిపోయి, లోపల తూటా ఉందో లేదో చూడకుండానే భుజానికెత్తి గురిచూస్తూ పక్కకు తిరిగాడు. గొట్టం సరిగ్గా మార్నా గుండెల మీదికి వచ్చింది.

ఆమె మెల్లగా గొట్టాన్ని పైకప్పు వైపు నెట్టింది.

"ఖాళీదేలెండి మాస్టారూ."

ఆ సాకు చెప్పినవాళ్లని ఆయన క్లాసులోంచి గెంటేసేవాడు.

"శనివారం క్లాసు నువ్వు చెప్పమ్మా," అన్నాడు లోయెల్ తలెత్తకుండా. "నేను పిల్లలతోపాటు కూర్చుంటాను."