కుట్లు లేని ఆపరేషన్

ఎనభయ్యో దశకం చివరి సంగతి. కొమురమ్మ పట్నం దవాఖాన నుంచి తరిగొప్పులలో బస్సు దిగిన రోజు వాడకట్టంతా ఆమె ముఖం చూడటానికే వచ్చింది. తలకాయలో ఎముక తీశారంటే కోత ఉండాలి కదా, కుట్లు ఉండాలి కదా! ఏమీ లేవు. ఏళ్ల తరబడి తలనొప్పి పెట్టిన, కంటి వెనక, పుర్రె అడుగున బుడిపెలా పెరిగిన ఎముకను, కొత్తగా ఆ విద్య నేర్చుకొచ్చిన డాక్టరు ముక్కులోంచి సన్న గొట్టం పెట్టి కొంచెం కొంచెంగా తొలిచి తీశాడు. చెడ్డ గడ్డ కాదు, ఒట్టి ఎముకే అన్నాడు. చెబితే నమ్మిందెవరు?

"ముక్కులకెల్లి ఎముక తీసుడేంది? చీమిడి తీసిండ్రేమో!" అని పక్కింటామె నవ్వింది.

డాక్టరు ఆ ముక్కలను సీసాలో వేసి ఇచ్చాడు. కానీ ఇంటికి ఎముకలు తెచ్చేది మనిషి పోయినప్పుడే కదా అని, భర్త నర్సయ్య ఆ సీసాను బస్సు కిటికీలోంచి వాగులోకి విసిరేశాడు. ఉన్న ఒక్క సాక్ష్యం నీళ్లపాలైంది.

ముఖం మీద మిగిలింది కణత దగ్గరి పాత మచ్చ. ఎన్నో ఏళ్ల కింద తలనొప్పికి అత్త బుచ్చవ్వ కొడవలి మొన కాల్చి పెట్టిన చురక అది. ఇంకేముంది, "నా సురకనే పని జేసింది, జర ఆల్శంగ" అని బుచ్చవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది. కొమురమ్మ కాదనలేదు. నొప్పికి తలకు గుడ్డ బిగించుకుని నాట్లు వేసీ వేసీ అలిసిన మనిషి. అప్పుడు నొప్పి కనబడదని ఎవరూ నమ్మలేదు, ఇప్పుడు కోత కనబడదని నమ్మడం లేదు. వాదించే ఓపిక ఎక్కడిది? ఎవరికి తోచింది వాళ్లు అనుకోనీ అని ఊరుకుంది.

ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

చలికాలంలో బిడ్డ రజిత తల పట్టుకుని బడి నుంచి వచ్చింది. రెండు మూడు రోజులైనా నొప్పి తగ్గలేదు. ఓ సాయంత్రం కొమురమ్మ పొలం నుంచి వచ్చేసరికి పొయ్యిలో కొడవలి ఎర్రగా కాలుతోంది. పిల్ల గోడకు అతుక్కుపోయింది.

"వద్దు అత్తా. పొద్దుగాల జనగామ దవాఖానకు తీస్కపోత."

"దవాఖాననా! నా సురకతోని నీకు తగ్గలేదా? సురక పెట్టిననాడే జర తగ్గిందని నీ నోటితోనే అన్నవ్ గదనే."

నిజమే, అన్నది. కొమురమ్మ పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"తగ్గలే అత్తా. ఒక్కనాడు గూడ తగ్గలే. కొట్టంల బర్రె కాడ కూసోని ఏడ్సేదాన్ని."

"మరి తగ్గిందని ఎందుకన్నవ్?"

"తగ్గలేదంటే ఇంకోటి పెడ్తవని."

బుచ్చవ్వ చెయ్యి కొడవలి పిడి మీదే ఆగిపోయింది. నెరిసిన వెంట్రుకలు పక్కకు జరిపి తన కణత తడుముకుంది. అక్కడ రెండు మచ్చలున్నాయి.

"మా అవ్వ మొదటిది పెట్టినప్పుడు తగ్గలేదన్న బిడ్డా," అంది. "రెండోది పెట్టినంక తగ్గిందన్న."

లేచి, చెంబెడు నీళ్లు తెచ్చి పొయ్యిలో గుమ్మరించింది.