త కింద ఒత్తు

పట్టుగుడ్డని చెక్క చట్రం మీద బిగించి, పిన్నులు గుచ్చి, చూపుడువేలితో ఓ దెబ్బ వేశాడు పెయింటరు. టప్పున మోగింది. "అదీ!" అనుకున్నాడు. గుడ్డ వదులైతే రంగు మధ్యకి జారి మడుగు కడుతుంది.

బల్లకి అవతల భార్య కళ్ళద్దాలు బ్యాగులో పెట్టుకుంటోంది. ముప్ఫై ఆరేళ్ళు ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించిన టీచరు. ఇవాళే ఆఖరి రోజు.

"సాయంత్రం నీకిచ్చేది గోడగడియారమే. పందెం!"

"మీ నోటికో దండం! ఇన్నేళ్ళు చాకిరీ చేస్తే ఓ కుక్కరైనా ఇవ్వరా? ఆ ఎడమ చెయ్యేంటి, అలా నొక్కుకుంటున్నారు?"

"చట్రం బిగించానుగా. నువ్వెళ్ళు ఒత్తూ, బస్సు పోతుంది."

ఒత్తు ఆవిడ పేరేం కాదు. నలభై ఏళ్ళ కిందట ఆయన నిచ్చెనెక్కి ఓ కొట్టుకి బోర్డు రాస్తుంటే, కింద నుంచి ఓ అమ్మాయి "ఏవండీ, అమ్మబడునులో మ కింద ఒత్తేదీ?" అని అడిగింది. ఆయన అక్షరం వంకర పోదు గానీ ఒత్తు మాత్రం ఎగిరిపోతుంది. ఆ ఒత్తు పెట్టి దిగాడు. మూడు నెలలు తిరక్కుండా ఆ అమ్మాయినే పెళ్ళాడాడు. ఆ తర్వాత ఏ బోర్డయినా సరే, ఆవిడ చదివి "ఊఁ" అంటేనే నిచ్చెన దిగేవాడు.

ఫ్లెక్సీలొచ్చి బోర్డుల్ని మింగేశాయి. చేయి తిరిగినవాడికి గోడైతేనేం, పట్టయితేనేం? ఇంట్లోనే స్కార్ఫులకి రంగులేయడం మొదలెట్టాడు. పువ్వులకీ పిట్టలకీ ఒత్తులుండవు, ప్రాణం హాయిగా ఉంది. కాకపోతే పన్నెండేళ్ళుగా వేసిన ప్రతి స్కార్ఫూ దుకాణానికే పోయింది. ఆవిడ మెడలోకి ఒక్కటీ రాలేదు. అడిగితే "నాకెందుకండీ, అంట్లు తోమేటప్పుడు చుట్టుకోడానికా?" అనేది. ఈ సాయంత్రం చుట్టుకోక ఛస్తుందా!

సన్నమూతి గొట్టంలోంచి జిగురు పిండుతూ నిచ్చెన గీశాడు. పైమెట్టు మీద ఓ పిచ్చుక, కింద తలెత్తి చూస్తూ ఇంకోటి. జిగురు గీత గట్టులాంటిది. గట్టు తెగిందా, రంగు ఊరి మీద పడ్డట్టే. ఆరితే ఆ గీత కంటికి ఆనదు. అందుకే చట్రాన్ని కిటికీకి ఎత్తిపట్టి, ఎక్కడైనా సందుందేమోనని అంగుళం అంగుళం వెతికాడు. లేదు. అరవై ఆరేళ్ళ చెయ్యి, ఒక్క సందు లేదు.

కుంచె ఆనించగానే నీలం తనంతట తనే పరుగెత్తి, గీత దగ్గర బుద్ధిగా ఆగింది. పిచ్చుకలు లేచాయి. ఆఖర్న తెల్లగా వదిలిన మూలలో "ఒత్తు" అని జిగురుతో గీసి అక్షరాల్లో నీలం నింపాడు. త కింద ఒత్తుని మాత్రం జిగురు గీతతోనే వదిలేసి, కావాలనే రంగు వేయలేదు. రాగానే "మళ్ళీ మర్చిపోయారా?" అంటుంది. అప్పుడు చేతికి కుంచె ఇచ్చి, "ఇది ఎప్పుడూ నీ పనేగా" అనాలి. తల్చుకుని పైకే నవ్వేశాడు.

నాలుగున్నరకి చిన్న మూతలో నాలుగు చుక్కల నీలం పోసి, సన్న కుంచె పక్కన పెట్టాడు. చెయ్యి లాగుడు భుజం దాకా పాకింది. గ్యాసయ్యుంటుందనుకున్నాడు. రెండు నిమిషాలు నడుం వాల్చుదామని కుర్చీలో వెనక్కి వాలాడు.

"పందెం మీదేనండీ! గడియారమే ఇచ్చారు!" గడియారం చంకన పెట్టుకుని ఆవిడ గుమ్మంలోంచే కేకేసింది. ఉలుకూ పలుకూ లేదు. బల్ల మీద "ఒతు" కనిపించింది. "ఆఖరికి నా పేరుక్కూడా ఒత్తు మర్చిపోయారా?" అని నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

డాక్టరొచ్చి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. మంచం వేయాలి, అడ్డమని పక్కింటావిడ చట్రాన్ని ఎత్తింది. కిటికీ వెలుగుకి త కింద సన్నగా ఓ గీత మెరిసింది. ఎక్కడా తెగని ఒత్తు, లోపలంతా తెలుపు.

"ఆగమ్మా, ఆగు!" అంది ఆవిడ. దగ్గరికొచ్చి చూసింది. "మర్చిపోలేదే... నాకు ఉంచారే!" అని అప్పుడు ఏడ్చింది, గొంతు పగిలేలా.

బల్ల మీద సన్న కుంచె, కాడ ఆవిడ కూర్చునే వైపుకి తిప్పి ఉంది. పక్కన మూతలో నీలం ఇంకా ఆరలేదు.