బావగారి వాటా

ఆదివారం ఆరాధన ముగిసి, పార్కింగ్ లాట్‌లో మంచు తొక్కుకుంటూ పలకరింపులు అయ్యాక, స్వర్ణకుమారి కారు నేరుగా ఏనీ ఇంటి దారి పట్టేది. టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లోని ఆ ఇంటి తలుపు తీయగానే చేపల పులుసు వాసన ఎదురొచ్చేది. ఏనీ ఆమెకు తోడబుట్టింది కాదు. చదువుకోవడానికి కాకినాడ నుంచి వచ్చి, పల్చటి స్వెట్టర్‌తో చర్చి గుమ్మంలో వణుకుతున్న స్వర్ణను ఇంటికి తీసుకువెళ్ళి, తన కోటు తొడిగి, బేస్‌మెంట్‌లో గది ఇచ్చిన మనిషి. తల్లి పోయాక స్వర్ణకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఇల్లొక్కటే. ఈ దేశంలో ఇల్లు కొనడమే కష్టమంటారు గాని, పుట్టిల్లు దొరకడం అంతకంటే కష్టం.

స్వర్ణ టొరంటోలో ప్రభుత్వ న్యాయవాది. కోర్టులో వాదించే పని కాదు. ప్రభుత్వ ఉద్యోగులు తమకూ తమ కుటుంబాలకూ ఉన్న ఆస్తులు, వ్యాపారాలు ఏటా తెలియజేస్తారు. వాటిని చదివి, ఎవరి సొంత లాభం వారి ఉద్యోగ ధర్మానికి అడ్డొస్తుందో చూసి, ‘ఈ ఫైలు మీరు ముట్టుకోకండి’ అని చెప్పడం ఆమె పని. ఇలాంటి పని చేసేవాళ్ళను విందులకు పిలవాలన్నా జనం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఏనీ భర్త డేవిడ్‌సన్ కూడా ప్రభుత్వంలోనే, వృద్ధులు ఉండే సీనియర్స్ హోమ్‌లను తనిఖీ చేసే అధికారి. అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే స్వర్ణ, “ఆ కుటుంబం నాకు సొంతం, ఆయన కాగితాలు నా దగ్గరికి రాకూడదు” అని పైవాళ్ళకు చెప్పేసింది. వాటిని వేరొకరు చూసేవారు. అయితే కాగితాల్లో కనిపించని సంగతులు భోజనాల దగ్గర వినిపిస్తాయి కదా.

ఆ ఆదివారం ఏనీ తమ్ముడు జేసన్ మంచి హుషారులో ఉన్నాడు. అతను ఊరి చివర ఒక సీనియర్స్ హోమ్ నడుపుతున్నాడు.

“ఇంకో వింగ్ ఓపెన్ చేస్తున్నాం అక్కా. అంతా బావ చలవే. సగం వాటా బావదే కదా, పేరు మాత్రం నాది,” అన్నాడు పులుసులో ముక్క వెతుక్కుంటూ.

స్వర్ణ తలెత్తింది. “బావగారూ, ఈ వాటా సంగతి మీరు ఏటా ఇచ్చే డిస్‌క్లోజర్‌లో రాశారా?”

డేవిడ్‌సన్ నవ్వాడు. “నా పేరు మీద లేనిదాన్ని ఏమని రాయనమ్మా? పేపర్ లేదు, సైన్ లేదు. బావమరిది బిజినెస్ పెడతానంటే హెల్ప్ చేశా. మనలో మనకి అగ్రిమెంట్లేంటి?”

“మరి ఆ హోమ్ ఇన్‌స్పెక్షన్‌కి ఎవరు వెళ్తారు?”

“నేనే. అది నా ఏరియా. ఇంతవరకు వీడికి ఒక్క ఫేవర్ కూడా చేయలేదు, కావాలంటే అడుగు.”

“అన్నం ముందు ఆఫీసు గొడవలెందుకే,” అంటూ ఏనీ గిన్నె అందుకుంది.

పాఠకులు ఒక సంగతి గమనించాలి. డేవిడ్‌సన్ అబద్ధాలకోరు కాదు, లంచగొండి అంతకంటే కాదు. పెట్టుబడి ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం మనకు కొత్తా? పొలం తమ్ముడి పేర, కొట్టు బావమరిది పేర. అయినవాళ్ళ మధ్య కాగితం అడిగితే పరువు తక్కువ. ఆ నమ్మకం ముచ్చటైనదే, కాదనను. కాని దాన్ని సూట్‌కేసులో పెట్టి తెచ్చుకుని సర్కారు కొలువులో వాడుకుంటే, దాని ఖరీదు ఆ ఇంటికి ఏమీ కాని మూడో మనిషి నెత్తిన పడుతుంది.

స్వర్ణకు వారమంతా నిద్ర లేదు. చివరకు డేవిడ్‌సన్‌ను ఒక కాఫీ షాపులో కలిసింది.

“మీరే వెళ్ళి చెప్పండి బావగారూ. మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. విన్నాక విననట్టు ఉండలేను.”

“ఇంట్లో మాట ఆఫీసుకి మోస్తావా?” అన్నాడాయన. కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఏనీ ఫోన్ చేసింది. “తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతావని అనుకోలేదే స్వర్ణా. ఇంక మా ఇంటికి రాకు.”

డేవిడ్‌సన్ అయిష్టంగానే వెళ్ళి పైఅధికారులకు తన వాటా సంగతి చెప్పాడు. ఆ హోమ్ తనిఖీని ఆయన నుంచి తప్పించి మరొకరికి ఇచ్చారు. ఆఫీసు వరకు ఆ వ్యవహారం అక్కడితో సర్దుకుంది.

స్వర్ణకు మాత్రం ఆదివారాలు పెద్దవైపోయాయి. తెలుగు ఆరాధన మానేసి, దగ్గర్లోని ఇంగ్లీషు చర్చికి వెళ్ళి ఎవరికీ చెందని దానిలా కూర్చుని వచ్చేది. ఒకసారి చేప తెచ్చి పులుసు పెట్టింది. ఉప్పు, పులుపు, కారం అన్నీ కుదిరాయి. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఒకరోజు పనేమీ లేకపోయినా ఏనీ వాళ్ళ వీధిలోంచి డ్రైవ్ చేసింది. గరాజ్ తలుపు తీసే ఉంది, లోపలినుంచి ఏనీ ఎవరినో కేకలేస్తోంది. ఆ కేకలు తన మీద పడినా బాగుండునని స్వర్ణకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తను చేసింది సరైన పనే అని ఆమెకు తెలుసు. తెలిసినా ఆమెకు ఏనీ కావాలి. తలకు నూనె రాస్తూ, “జుట్టంతా ఊడిపోతోంది, తిండి తింటున్నావా అసలు?” అని కసిరే మనిషి కావాలి.

ఈస్టర్ నాడు ఇక ఉండబట్టలేక తెలుగు ఆరాధనకు వెళ్ళి వెనక వరుసలో కూర్చుంది. సభ్యులు లేచి తమ అనుభవాలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో డేవిడ్‌సన్ లేచాడు. ముందు వరుస పక్కన వీల్‌చెయిర్‌లో ఉన్న ముసలావిడ వైపు తిరిగాడు.

“శాంతమ్మ గారు మీ అందరికీ తెలుసు. జేసన్ హోమ్‌లో ఉండేవారు. సాయం కోసం గదిలో బెల్ నొక్కితే ఎవరూ రావట్లేదని కంప్లైంట్ ఇచ్చారు. నేనే వెళ్ళాను. మొదటి గదిలో నొక్కితే మోగింది. మిగతావి కూడా బాగానే ఉన్నాయి బావా అన్నాడు మావాడు. పెద్దావిడ, ఏదో మర్చిపోయి ఉంటారనుకుని కాఫీ తాగి వచ్చేశా. తర్వాత ఆవిడ బాత్రూమ్ దగ్గర పడిపోయారు. తెల్లారేదాకా నేల మీదే ఉన్నారు. తుంటి విరిగింది.”

ఆయన శాంతమ్మ కుర్చీ వైపు ఒక అడుగు వేశాడు.

“మొన్న నా బదులు వెళ్ళినావిడ ప్రతి గదిలో బెల్ నొక్కి చూసింది. ఈవిడ వైపు ఒక్కటీ మోగలేదు. వేరేవాళ్ళ హోమ్ అయితే నేనూ ప్రతి గదిలో నొక్కేవాణ్ణి, సర్వీసంతా అలాగే చేశా. ఇక్కడెందుకు చేయలేదు? ఎవరూ నాకు లంచం ఇవ్వలేదు. వాడు మనవాడు కాబట్టి నా చెయ్యి మొదటి గదిలోనే ఆగిపోయింది. ఆగిందని నాకే తెలియలేదు. అమ్మా, నన్ను క్షమించండి.”

శాంతమ్మ తలెత్తి ఆయన వంక చూసింది. “క్షమించాను నాయనా. నేను చెప్పినప్పుడు నమ్మి ఉండాల్సింది,” అంది.

ఆరాధన అయ్యాక స్వర్ణ ఎవరికీ కనిపించకుండా వెళ్ళిపోదామనుకుంది. కారు దగ్గర ఏనీ నిలబడి ఉంది. మనిషి చిక్కిపోయింది.

“మీ బావగారు తప్పు ఒప్పుకున్నారు. నా కోపం మాత్రం పోలేదే,” అంది ఏనీ. “వాడు నా తమ్ముడు. చిన్నప్పటినుంచి ఎత్తుకుని పెంచాను. మనవాళ్ళని ప్రేమించి, నమ్మడం కూడా తప్పేనా స్వర్ణా?”

‘తప్పంతా నాదే అక్కా’ అన్న ఒక్క మాట చాలు, ఏనీ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళేది. ఆ మాట స్వర్ణ నాలుక చివరిదాకా వచ్చింది. అవతల శాంతమ్మ చక్రాల కుర్చీని వ్యాన్‌లోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు అవస్థ పడుతున్నారు. వాళ్ళను చూస్తూ ఆ మాటను మింగేసింది.

“ప్రేమించడం తప్పెందుకవుతుంది అక్కా? నీ చేతి ముద్ద కోసం నేనెంత మొహం వాచి ఉన్నానో నీకు తెలీదు. కానీ మన ప్రేమ మన కళ్ళకే అడ్డొస్తుంది. ఫలానావాళ్ళు నావాళ్ళని ముందే చెప్పి మనం పక్కకి తప్పుకోవాలి. తప్పుకోకపోతే, మోగని బెల్ నొక్కుతూ నేల మీద పడి ఉండేది ఎవరో ఒకరి అమ్మ.”